దోమలన్నిటినీ చంపాలా? మలేరియాను సమీకరణంలో పెట్టిన వైనం

1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో, బేగంపేట ఆసుపత్రిలో, రోనాల్డ్ రాస్ అనే సైనిక వైద్యుడు ఒక దోమ పొట్ట కోసి మైక్రోస్కోపు కింద పెట్టారు. హుస్సేన్ ఖాన్ అనే చలిజ్వర రోగిని కుట్టిన దోమల్లో అది ఒకటి. కుట్టించుకున్నందుకు దోమకు ఒక అణా చొప్పున రాస్ ఆ రోగికి చెల్లించారు. దోమ పొట్ట గోడ మీద నల్లని రేణువులతో గుండ్రంగా ఎదుగుతున్న మలేరియా క్రిమి ఆనాడు ఆయన కంటపడింది. 1902లో వచ్చిన నోబెల్ బహుమతికి ఈ పనే పునాది. ఏటా ఆగస్టు 20ని ప్రపంచ దోమల దినంగా జరుపుకోవడానికి కారణమూ అదే. తెలుగు పాఠకుల్లో చాలామందికి ఇంతవరకు తెలుసు. ఆ తర్వాత అదే మనిషి కాగితం, కలం పట్టుకుని మలేరియాను బీజగణితంలోకి దించారన్న సంగతి మాత్రం అంతగా ప్రచారంలోకి రాలేదు. నిజజీవిత సమస్యకు సమీకరణం ఏ విధంగా పనికొస్తుందో తెలుసుకోవడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు కనిపించలేదు.

దోమ వల్ల మలేరియా వస్తుందని తేలగానే దోమల్ని తగ్గించాలని రాస్ వాదించారు. వెంటనే ఒక ఆక్షేపణ ఎదురైంది. ఒక ఊళ్ళోని దోమల్లో ఒక్కటీ మిగలకుండా చంపడం ఎవరి తరమూ కాదు. కొన్ని మిగిలాక అవే రోగాన్ని మోసుకుతిరుగుతాయి. కాబట్టి ఈ ప్రయత్నం దండగ అన్నారు. లాహోర్ దగ్గరి మియాన్‌మీర్ కంటోన్మెంటులో 1902 నుంచి కొన్నేళ్ళపాటు కాలువలు పూడ్చి, నీటిగుంటల్లో నూనె పోసి చూసినా జ్వరాలు ఆశించినంతగా తగ్గకపోవడంతో ఆక్షేపణకు బలం చేకూరింది. అక్కడ పనిచేసిన ప్రదేశం మరీ చిన్నదనీ, బయటి నుంచి దోమలు వచ్చి చేరాయనీ, అసలు ముందెన్ని దోమలుండేవో తర్వాతెన్ని మిగిలాయో ఎవరూ లెక్కపెట్టలేదనీ రాస్ సమాధానం. రెండు పక్షాల మాటా వినడానికి సబబుగానే ఉంటుంది. మాటలతో ఎంతసేపు వాదించినా ఇది తెగే తగాదా కాదు, ఎందుకంటే అసలు ప్రశ్న "ఎన్ని?" అన్నది.

బయటి దోమలు ఎంత దూరం నుంచి వస్తాయన్న ప్రశ్నను కూడా రాస్ లెక్కలోకే దించారు. దోమ ఎటు పడితే అటు ఎగురుతుందనుకుంటే, వంద దూకుళ్ళు దూకినా అది బయలుదేరిన చోటి నుంచి సుమారు పది దూకుళ్ళంత దూరంలోనే ఉంటుంది. ముందుకెళ్ళినది వెనక్కీ వస్తుంది కనుక దూరం దూకుళ్ళ వర్గమూలం మేరకే పెరుగుతుంది. ఈ ప్రశ్న గణాంక శాస్త్రవేత్త కార్ల్ పియర్సన్ దాకా వెళ్ళింది. 1905లో ఆయన దాన్ని "యాదృచ్ఛిక నడక" అన్న పేరుతో గణితజ్ఞుల ముందుంచారు. ఈనాడు అణువుల కదలికకూ షేర్ మార్కెట్ ధరల ఊగిసలాటకూ వాడే భావనకు ఆ పేరు వచ్చింది ఈ దోమల లెక్క నుంచేనని తెలిస్తే ఆశ్చర్యం వేస్తుంది.

ఇక అసలు సమీకరణం. దాని ఆత్మను పట్టుకోవడానికి ఊరి చెరువును తలచుకుంటే చాలు. ఎగువ వాగు నుంచి నీరు వచ్చి చేరుతుంది, తూము గుండా పొలాలకు పోతుంది. వచ్చేది ఎక్కువైతే మట్టం పెరుగుతుంది, పోయేది ఎక్కువైతే తగ్గుతుంది, రెండూ సమానమైతే నిలకడగా ఉంటుంది. ఊళ్ళో మలేరియా రోగుల సంఖ్యా అంతే. ఈ నెల కొత్తగా జ్వరం తగిలినవారి సంఖ్యలోంచి కోలుకున్నవారి సంఖ్య తీసేస్తే, మిగిలేది ఈ నెల వచ్చిన మార్పు. ఒక్క తేడా ఉంది. చెరువులో నీరెంతుందన్నది వాగుకు అక్కర్లేదు. మలేరియాలో మాత్రం కొత్తగా తగిలే జ్వరాల సంఖ్య ఇప్పటికే ఊళ్ళో ఉన్న రోగుల సంఖ్య మీద ఆధారపడుతుంది. రోగులు ఎక్కువుంటే దోమలు ఎక్కువగా క్రిమిని ఎక్కించుకుంటాయి, దానితో మరింతమంది రోగులవుతారు. అంటే చెరువు నిండేకొద్దీ వాగు ఉధృతి కూడా పెరుగుతుందన్నమాట. ఇలాంటి మెలిక ఉన్నప్పుడు మన అంచనాలు దారి తప్పుతాయి, సమీకరణం అవసరం అక్కడే పడుతుంది.

మెలికను విప్పడానికి ఒకే ఒక రోగి ఉన్న ఊరిని ఊహిద్దాం. రాస్ ఆలోచించిన దారి ఇదే. దాన్ని 1950లలో జార్జ్ మెక్‌డొనాల్డ్ అనే మలేరియా శాస్త్రవేత్త పదును పెట్టారు. కింది అంకెలు వివరణ కోసం నేను ఎంచుకున్నవి, ఏ ఊళ్ళోనూ కొలిచినవి కావు. మనిషికి పది ఆడ దోమలున్నాయనుకుందాం. ఒక్కో దోమ రోజుకు సగటున 0.3 సార్లు, అంటే పది రోజుల్లో మూడుసార్లు, మనిషిని కుడుతుంది. అప్పుడు మన రోగికి రోజుకు మూడు కాట్లు పడతాయి. మందు వేసుకోకపోతే అతని రక్తంలో క్రిమి అరవై రోజులు ఉంటుందనుకుంటే, మొత్తం 180 కాట్లు. అందులో సగం కాట్లలో దోమకు క్రిమి ఎక్కుతుందనుకుంటే, 90 దోమలు క్రిమిని కడుపులో పెట్టుకున్నాయి.

ఆ 90 దోమలూ వెంటనే ప్రమాదకరం కావు. రాస్ చూసిన ఆ గుండ్రని ముద్ద ఎదిగి, పగిలి, అందులోంచి వచ్చిన క్రిములు దోమ లాలాజల గ్రంథుల దాకా చేరాలి. వేడిని బట్టి మారినా, దీనికి పది రోజులు పడుతుందనుకుందాం. దోమ బతుకు చిన్నది. అది రేపటిదాకా బతికి ఉండే అవకాశం నూటికి 90 అనుకుంటే, పది రోజులు బతకగలిగే అవకాశం 0.9ని పదిసార్లు గుణించినంత, అంటే నూటికి 35 కన్నా కాస్త తక్కువ. కాబట్టి 90లో 31 మాత్రమే ఆ గండం దాటుతాయి. దాటినవి సగటున మరో తొమ్మిదిన్నర రోజులు బతుకుతాయి, ఆ వ్యవధిలో ఒక్కోటి రమారమి 2.85 సార్లు కుడుతుంది. మొత్తం 89 కాట్లు. వాటిలో సగం వల్ల జ్వరం తగులుతుందనుకుంటే, ఒక్క రోగి నుంచి 44.7 మంది కొత్త రోగులు తయారయ్యారు. ఇప్పుడు చేసిన లెక్కంతా ఒక్క వరుసలో రాయవచ్చు:

వ్యాప్తి సంఖ్య = మనిషికి దోమలు × కాటు × కాటు × అంటుకునే పాళ్ళు × గండం దాటే పాలు × మిగిలిన ఆయుష్షు × రోగిలో క్రిమి ఉండే రోజులు

కరోనా రోజుల్లో టీవీల్లో పదే పదే వినిపించిన "ఆర్ విలువ" ఈ కుటుంబంలోదే. అది ఒకటి కన్నా ఎక్కువైతే రోగం పెరుగుతుంది, తక్కువైతే దానంతటదే ఆరిపోతుంది. మియాన్‌మీర్ తగాదాకు రాస్ ఇచ్చిన జవాబు ఇందులోనే ఉంది. ప్రతి రోగీ సగటున ఒకరి కన్నా తక్కువ మందికి అంటించే స్థాయికి దోమలు తగ్గితే చాలు, చివరి దోమ దాకా వెంటపడనవసరం లేదు. మన ఊహాగ్రామంలో ఆ హద్దు మనిషికి 0.22 దోమలు, అంటే నలుగురైదుగురికి ఒక దోమ.

ఇంతకన్నా లోతైన మాట ఇంకొకటి ఈ సమీకరణం చెబుతుంది, నన్ను ఈ విషయంవైపు లాగింది అదే. చెరువు మట్టం నిలకడకు వచ్చాక, అంటే కొత్త జ్వరాలూ కోలుకోవడాలూ సమానమయ్యాక, ఊళ్ళో ఏ క్షణాన చూసినా ఎంతమందిలో క్రిమి ఉంటుందో లెక్కకట్టవచ్చు. రోగనిరోధక శక్తి లాంటివి పక్కన పెట్టి మన అంకెలతో చేస్తే నూటికి 95 మంది అని తేలుతుంది. ఎంతో శ్రమపడి దోమల్ని సగం చేశామనుకుందాం. సగం తగ్గాలి కదా అనిపిస్తుంది, కానీ తగ్గదు. నూటికి 95 మంది 90 మంది అవుతారు, అంతే. దోమల్ని పదో వంతుకు తెచ్చినా ఇంకా 59 మంది ఉంటారు. నలభయ్యో వంతుకు తెచ్చేసరికి ఒక్కసారిగా ఐదుగురి కన్నా తక్కువకు పడిపోతుంది. ఎక్కువ మంది ఇప్పటికే రోగులై ఉన్నప్పుడు చాలా కాట్లు ఉన్న రోగుల మీదే పడి వృథా అవుతుంటాయి. దోమల్ని తగ్గిస్తే మొదట తగ్గేది ఆ వృథా కాట్లే. నిజాయితీగా పని చేసిన మనిషి సగం దారిలో ఆగి జ్వరాల రిజిస్టరు చూసుకుంటే, "ఫలితం శూన్యం" అని రాయకుండా ఉండలేడు. ఆ పని తప్పు కాదు, హద్దు ఇంకా దూరంలో ఉంది. మియాన్‌మీర్‌లో సరిగ్గా ఇదే జరిగిందని చెప్పలేను, కానీ ఇలాంటి నిరుత్సాహం ఏ విధంగా పుట్టగలదో సమీకరణం లేకుండా నాకైతే అర్థమయ్యేది కాదు.

సమీకరణం రాశాక చేయవలసిన పని ఒకటుంది: ఒక్కో అంశాన్నీ విడిగా కదిపి, ఏది కదిపితే జవాబు ఎక్కువ కదులుతుందో చూడటం. దోమల సంఖ్య సూత్రంలో ఒక్కసారే ఉంది కనుక దోమలు సగమైతే 44.7 కూడా సగమై 22 అవుతుంది. కాటు రెండుసార్లు ఉంది, ఎందుకంటే రోగిని ఒకసారి, ఆరోగ్యవంతుణ్ణి ఒకసారి కుడితే గాని రోగం చేతులు మారదు. అందుకని దోమతెరలతో కాట్లు సగానికి తెస్తే వ్యాప్తి నాలుగో వంతుకు, 11కు దిగుతుంది. రక్తపరీక్ష చేసి వెంటనే మందు ఇచ్చి అరవై రోజుల్ని పదిహేను చేసినా ఫలితం అంతే. ఇక దోమ ఆయుష్షును కదిపి చూద్దాం. రేపటిదాకా బతికే అవకాశం 90 నుంచి 80 శాతానికి తగ్గితే వ్యాప్తి 44.7 నుంచి 6.5కు పడుతుంది. 70 శాతానికి తగ్గితే 1.07, హద్దు దాకా వచ్చేసినట్టే. దోమల సంఖ్య ఒక్కటి కూడా తగ్గకుండానే నలభై రెట్లకు పైగా తగ్గుదల వచ్చింది. పది రోజుల గండం వల్ల ఆ అవకాశం పదిసార్లు గుణించబడటమే దీనికి మూలం. మలేరియాను మోసేవి ముసలి దోమలు మాత్రమే. వాటిని పుట్టనివ్వకపోవడం కన్నా ముసలివి కానివ్వకపోవడం ఎక్కువ ఫలితాన్నిస్తుందని మెక్‌డొనాల్డ్ ఈ లెక్కతో చూపించారు.

ఆయన ఆ మాట చెప్పేనాటికి చేతిలో డీడీటీ అనే పురుగుమందు ఉంది. మలేరియాను మోసే అనాఫిలిస్ దోమ రక్తం తాగి బరువెక్కాక ఎక్కువసార్లు దగ్గరలో ఉన్న ఇంటి గోడ మీదే వాలి సేదదీరుతుంది. గోడకు మందు కొడితే, కుట్టిన దోమ ప్రతిసారీ ఆ గండం కూడా దాటాలి. గుంటల్లో నూనె పోయడం సూత్రంలోని ఒక సంఖ్యను తగ్గిస్తుంది. గోడకు మందు పదిసార్లు గుణించే సంఖ్యను తగ్గిస్తుంది. స్వాతంత్ర్యం వచ్చేనాటికి మన దేశంలో ఏటా సుమారు 7.5 కోట్ల మందికి మలేరియా వస్తుందనీ, 8 లక్షల మంది చనిపోతున్నారనీ అంచనా. 1953లో జాతీయ మలేరియా నియంత్రణ కార్యక్రమం మొదలై, 1958లో నిర్మూలన కార్యక్రమంగా మారి, ఊరూరా మందు కొట్టే బృందాలు తిరిగాయి. 1960ల మధ్యకు వచ్చేసరికి కేసులు ఏడాదికి లక్ష స్థాయికి దిగాయి.

1976లో మళ్ళీ 64 లక్షల కేసులు నమోదయ్యాయి. సమీకరణం తప్పా? గుణకారం ఎన్నడూ తప్పలేదు. అందులో పెట్టిన అంకెల వెనుక కొన్ని ఊహలుంటాయి, అవి చెదిరాయి. గోడ మీద వాలిన దోమ చస్తుందన్నది ఒక ఊహ. పల్లెల్లో ప్రధానంగా మలేరియాను మోసే అనాఫిలిస్ క్యులిసిఫేసిస్ దోమ డీడీటీకి అలవాటుపడి, చావడం మానేసింది. మందు గోడ మీద నెలల తరబడి ఉంటుందన్నది ఇంకో ఊహ. పండగ వస్తుందని ఇల్లాలు మట్టిగోడను అలికి సున్నం వేస్తే, మందు పొర ఆ పూత కింద పడిపోతుంది, ఆ ఇంట్లో దోమ బతుకు మళ్ళీ నూటికి తొంభైకి వెళుతుంది. ఇల్లు శుభ్రంగా పెట్టుకోవడంలో ఆమె తప్పేమీ లేదు. మందు కొట్టే రోజునూ గోడలు అలికే రోజునూ కలిపి ఆలోచించాల్సింది కార్యక్రమం నడిపేవారు. మందు సరఫరా తగ్గింది, నిఘా సడలింది. తగ్గిన జ్వరాలు చూసి హద్దు శాశ్వతంగా దాటామనుకున్నారు గాని, గోడ మీద మందు ఉన్నంతకాలమే హద్దు కింద ఉన్నాం. మందు పోగానే ఒకటి కన్నా కిందికి దిగిన సంఖ్య మళ్ళీ నలభైల వైపు నడుస్తుందని అదే సూత్రం చెబుతుంది.

మరో ఊహ ఊళ్ళో అందరినీ దోమలు సమానంగా కుడతాయన్నది. నిజానికి నీటిగుంట పక్క ఇల్లూ, కిటికీ లేని ఇల్లూ, పొలంలో కాపలా పడుకునే మనిషీ, పక్కా ఇంట్లో దోమతెరలో పడుకునే మనిషీ ఒకటి కారు. కాట్లు కొందరి మీదే ఎక్కువగా పడుతున్నప్పుడు సగటు మీద కట్టిన హద్దు మనల్ని మభ్యపెడుతుంది. ఊరంతా చూస్తే రోగం ఆరిపోయినట్టున్నా, ఆ నాలుగిళ్ళలో అది నిప్పులా మిగిలి ఉంటుంది. విశాఖ మన్యంలో మలేరియాను తగ్గించడం మైదానంలోకన్నా కష్టం కావడానికి కొండ వాగులూ, అక్కడి దోమ జాతులూ, దూరంగా విసిరేసినట్టుండే గూడేలూ అన్నీ కారణాలే. మైదానానికి సరిపోయిన అంకెల్ని తెచ్చి అక్కడ వాడటం కుదరదు.

అంకెలు బాగా సరిపోయినంత మాత్రాన సమీకరణం నిజమైపోదని గుర్తుచేసే ఉదాహరణ కూడా మన దేశానిదే. విలియం కెర్మాక్, ఆండర్సన్ మెకెండ్రిక్ అనే ఇద్దరు 1927లో అంటువ్యాధుల మీద రాసిన పరిశోధన వ్యాసం నేటికీ పాఠ్యాంశం. మెకెండ్రిక్ మన దేశంలో వైద్యాధికారిగా పనిచేసినవారు, రాస్‌తో కలిసి ఆఫ్రికాకు వెళ్ళినవారు. కెర్మాక్ 1924లో ప్రయోగశాల ప్రమాదంలో చూపు కోల్పోయి, ఆ తర్వాత లెక్కలన్నీ మనసులోనే కట్టినవారు. 1905 డిసెంబరు నుంచి 1906 జూలై వరకు బొంబాయిలో ప్లేగు మరణాల వారంవారీ అంకెలు వారి సమీకరణం గీసిన గంట ఆకారపు వక్రరేఖ మీద చక్కగా కూర్చున్నాయి. ఆ బొమ్మను ఎన్నో పుస్తకాలు అచ్చువేశాయి. అయితే ఆ సమీకరణం రోగి నుంచి నేరుగా మరో మనిషికి రోగం తగులుతుందనీ, పరిస్థితులు కాలంతో మారవనీ అనుకుంటుంది; బొంబాయి ప్లేగు ఎలుకల నుంచి, వాటి ఒంటి మీద రక్తం పీల్చి బతికే ఫ్లీ అనే చిన్న పురుగుల ద్వారా వచ్చింది, ఋతువును బట్టి హెచ్చింది, తగ్గింది. ఆ లోపం రచయితలకూ తెలుసు, వ్యాసంలో చెప్పారు కూడా. పెరిగి తగ్గే ఏ వ్యాధికైనా గంట ఆకారం వస్తుంది. ఆకారం కలవడం వల్ల కారణం కూడా కలిసిందనుకోకూడదు.

మలేరియా సమీకరణాన్ని నేను ఎక్కువ నమ్మడానికి కారణం అందులోని ప్రతి అంశాన్నీ విడిగా వెళ్ళి కొలవగలగడమే. దోమ రేపటిదాకా బతికే అవకాశం నూటికి ఎంతో కనుక్కోవాలంటే దాని వయసు తెలియాలి. దోమకు జాతకం ఉండదు. సోవియట్ శాస్త్రవేత్త టాట్యానా డెటినోవా దీనికి ఒక మార్గం కనిపెట్టారు. ఎన్నడూ గుడ్లు పెట్టని ఆడ దోమ అండాశయం మీద ఉండే సన్నని గాలిగొట్టాల చివర్లు దారపు ఉండల్లా చుట్టుకుని ఉంటాయి. ఒకసారి గుడ్లు ఎదిగితే అండాశయం ఉబ్బి ఆ ఉండలు విచ్చుకుంటాయి, ఆ తర్వాత మళ్ళీ చుట్టుకోవు. అందుకని తెల్లవారుజామున ఇళ్ళ గోడల మీద పట్టుకున్న దోమల్ని ఒక్కొక్కటే కోసి, ఉండలున్నవెన్ని, విచ్చుకున్నవెన్ని అని లెక్కపెడతారు. కుట్టడానికీ గుడ్లు పెట్టి మళ్ళీ కుట్టడానికీ మధ్య రెండు రోజులనుకుంటే, నూటికి 81 దోమల్లో విచ్చుకుని కనిపిస్తే రెండు రోజులు బతికే అవకాశం 0.81, దాని వర్గమూలం 0.9. మందు కొట్టాక అదే ఊళ్ళో నూటికి 49 మాత్రమే కనిపిస్తే 0.7.

దోమల సంఖ్య కంటికి ఏమీ తగ్గినట్టు కనపడకపోయినా, గ్రామస్థులు "దోమలు అలాగే ఉన్నాయి కదండీ" అని అడిగినా, 81 నుంచి 49కి దిగిన ఆ అంకె చూసి కీటక శాస్త్రవేత్త మందు పనిచేస్తోందని చెప్పగలడు. 49 మళ్ళీ 60కి, 70కి ఎక్కుతూ ఉంటే, జ్వరాలు ఇంకా మొదలు కాకముందే హెచ్చరించగలడు. రాస్ బేగంపేటలో దోమ పొట్టను కోసి చూశారు. ఇప్పుడు కోసి చూసేది అండాశయాన్ని, అది కూడా సూత్రంలో ఆ ఒక్క అంకె పదిసార్లు గుణించబడుతుందని తెలిశాకే.